పడమటి కిటికీ

ఇస్త్రీ ఆవిడ మళ్ళీ వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎవరి కాళ్ళకీ అడ్డం రాకుండా గోడవారకు జరిపి, ఒక చేత్తో కణత నొక్కుకుంటూ లోపలికి అడుగుపెట్టింది. ఆ షాపులో చెప్పులు విడవాలని ఎవరూ అనలేదు. నున్నటి గచ్చు, అద్దాల బీరువాలు, దీపాల కింద నవ్వుతూ కూర్చున్న బొజ్జ బొమ్మలు చూసి ఆ మర్యాద ఆవిడే మొదలుపెట్టింది. ఆ ఉత్త కాళ్ళు చూసినప్పుడల్లా కౌంటరు వెనకున్న వదినకు ఒళ్ళు మండుతుంది. కోపం ఆవిడ మీద కాదు.

వదిన అసలు పేరు అక్కడ ఎవరికీ అక్కర్లేదు. షాపు మరిదిది. అతను వదినా అని పిలుస్తాడని పనివాళ్ళూ అలాగే పిలిచారు, వాళ్ళను చూసి సరుకు దించే డ్రైవరూ అలాగే పిలిచాడు. ఆమె పని పొట్లాలు కట్టడం. నోట్లో నాణెం కరుచుకున్న మూడుకాళ్ళ కప్పలు, సీసాల్లో వెదురు మొక్కలు, ఎర్ర కుచ్చుల నాణేలు, ఎనిమిది మూలల అద్దాలు, ఏది అమ్ముడుపోయినా పల్చటి కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి, పైన ఎర్ర రిబ్బను ముడి వెయ్యాలి. రిబ్బను లేకపోతే అదృష్టం దారిలో జారిపోతుందని మరిది కొనేవాళ్ళకు చెబుతాడు. రిబ్బను ఉంటే రేటు పెంచొచ్చని ఇంట్లో చెబుతాడు.

"తగ్గలేదా?" అని అడిగింది వదిన.

"ఎక్కడమ్మా! మధ్యాహ్నం అయ్యేసరికి తల పగిలిపోతోంది. నా సంగతి పక్కన పెట్టండి, మా అత్తగారు మంచం దిగలేని మనిషా, ఇప్పుడు లేపితే గానీ లేవట్లేదు. నోట్లో ముద్ద పెడితే నమలడం మర్చిపోతోంది."

"బయటికి వెళ్తే నీకు తగ్గుతుందా?"

"అదేంటోగానీ, బట్టలిచ్చి రావడానికి నాలుగు వీధులు తిరిగితే తేలికవుతుంది. ఇంటికొచ్చి పెట్టె పట్టుకున్నానా, మళ్ళీ మొదలు."

"పెట్టె బొగ్గులదా?"

"బొగ్గులదేనమ్మా. హోటల్ దుప్పట్లన్నీ కరెంటు పెట్టెతో చేస్తే మాకు మిగిలేదేముంది?"

వదిన చేతిలోని రిబ్బను పక్కన పెట్టింది. "గదిలో గాలి..." అనేలోపే మరిది వచ్చేశాడు. అతని చెవులు షాపులో ఏ మూల ఏ మాట తేడాగా వినపడినా అటే తిరుగుతాయి.

"ఏంటక్కా, బాగున్నావా? అద్దం పెట్టాం, కప్పను పెట్టాం. ధనం లోపలికి వచ్చిందా లేదా?"

"వచ్చింది బాబూ. హోటల్ వాళ్ళ ఆర్డర్ వచ్చింది."

"చూశావా! వచ్చిన ధనానికి నలుగురి కళ్ళూ పడ్డాయి. అదే ఈ తలనొప్పి. దానికీ మందుంది." పైన వేలాడుతున్న ఇత్తడి గొట్టాల గుత్తిని వేలితో తాకాడు. అవి గలగలమన్నాయి. "గాలి గంటలు. ఇవి మోగినప్పుడల్లా చెడు బయటికి పారిపోతుంది."

"గాలి ఆడని గదిలో గాలి గంటలు ఎలా మోగుతాయి?" అంది వదిన.

మరిది నవ్వాడు. "మా వదిన జోకులు బాగా వేస్తుంది. గాలి లేకపోతే చెయ్యి లేదా అక్కా? పొద్దునా సాయంత్రం నువ్వే మోగించు."

ఇస్త్రీ ఆవిడ బుద్ధిగా తలాడించింది. కొంగు ముడి విప్పబోతుంటే వదిన చూడలేక తల తిప్పుకుంది. గొట్టాలు మోగకుండా రబ్బరు బ్యాండు వేసి, కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టింది. రిబ్బను ముడి వేసింది. తలనొప్పితో వచ్చిన మనిషికి ఇత్తడి గొట్టాలు కట్టబెట్టి పంపుతున్నాం, ఆ కట్టేది నేనే, అనుకుంది. ముడిని ఇంకోసారి బిగించి పెట్టె ముందుకు తోసింది.

ఇస్త్రీ ఆవిడ వెళ్ళగానే వదిన షాపు మధ్యలో ఉన్న అద్దాల పెట్టె దగ్గరికి నడిచింది. అందులో నల్ల మఖమలు మీద, ఇళ్ళు చూసి చెప్పడమే పనిగా బతికిన ఆమె నాన్న దిక్సూచి పళ్ళెం ఉంది. చిన్న కంచమంత చెక్క పళ్ళెం, దాని మీద ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నటి అక్షరాల వలయాలు, నడుమ గాజు కింద సూది. అంచు ఒకచోట అరిగి నున్నగా ఉంది, అది నాన్న బొటనవేలు పట్టే చోటు. కొత్త బీరువాలు పెట్టిన రోజున షోకి బాగుంటుందని మరిది అడిగి తీసుకున్నాడు. దాని చుట్టూ అయస్కాంతపు కంకణాలు వరసలుగా పేర్చి, ముందు ఒక అట్ట నిలబెట్టాడు: 'అసలు సిసలైన ప్రాచీన ఫెంగ్‌షుయ్'. షో అయిపోయి చాలా కాలమైంది. పళ్ళెం మాత్రం తిరిగి రాలేదు.

"పళ్ళెం ఇవ్వు. రేపు వెళ్ళి ఆ ఇల్లు చూసొస్తాను."

"రేపు నాకు వేరే విజిట్ ఉంది వదినా. అది చేతిలో లేకపోతే జనం నా మొహం కూడా చూడరు. అయినా నేను చూసొచ్చిన ఇల్లే కదా, నువ్వెళ్ళి ఏం చేస్తావ్? ఏం పట్టుకెళ్తావ్?"

"ఏమీ పట్టుకెళ్ళను."

"అయితే దాన్ని విజిట్ అనరు, చుట్టపుచూపు అంటారు."

పనివాళ్ళు నవ్వారు. వదిన వాళ్ళకేసి చూసిన చూపుకు ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. నాన్న ఏ ఇంటికి వెళ్ళినా ఏమీ తీసుకెళ్ళేవాడు కాదు, ఏమీ వదిలి వచ్చేవాడు కాదు. గడప దాటే ముందు జేబులు తడుముకునేవాడు, పెన్సిల్ ముక్క కూడా అక్కడ మర్చిపోలేదని నమ్మకం కుదిరాకే చెప్పులు తొడుక్కునేవాడు. మన వస్తువేదైనా ఆ ఇంట్లో ఉండిపోతే, వాళ్ళు ఇల్లు చూసుకోవడం మానేసి దాన్ని చూసుకుంటూ కూర్చుంటారు అనేవాడు.

సాయంత్రం షాపు పైనున్న వాళ్ళ వాటాలో భర్త కుర్చీలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటూ అంతా విన్నాడు.

"తమ్ముడే కదా, సర్దుకుపో" అన్నాడు.

"సర్దుకుపోయి సర్దుకుపోయి నేను గోడకు అంటుకుపోయాను. ఇంక సర్దుకోవడానికి చోటు లేదు. అక్కడ ఒక ముసలావిడ లేవకుండా పడుంది, వీడు గంటలు మోగించమంటున్నాడు."

"ఉన్న ఇల్లు వాడిది. అది కూడా చూసుకోవాలి కదా మనం" అన్నాడు భర్త గోటికేసి చూస్తూ. అన్నాక తనకే బాగాలేదేమో, కత్తెర మడిచి లేచి వెళ్ళిపోయాడు.

*

ఇస్త్రీ ఆవిడ ఉండేది ఒక పాత భవనం వెనక. పైన రేకు కప్పిన సన్నటి నడవ, దాని చివర ఒకే గది. వదిన వచ్చేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. తోయగానే వేడి, బొగ్గు వాసన, తడిపిన బట్ట వాసన కలిసి మొహానికి కొట్టాయి.

గది మధ్యలో ఇస్త్రీ బల్ల. బల్ల కాళ్ళ దగ్గర కుంపటి, అందులో ఎర్రగా బొగ్గులు. ఒక పక్క ఉతికిన దుప్పట్లు గుట్టగా, ఇంకో పక్క మడతలు పెట్టినవి గోడకు సమంగా. ఎదుటి గోడవార మంచం మీద ముసలావిడ నోరు కాస్త తెరిచి పడుకుని ఉంది. మంచానికి పైన, కిటికీ ఉండాల్సిన చోట పెద్ద చెక్క పలక. నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. పలక నడిమధ్యన ఎనిమిది మూలల అద్దం. కొత్త గాలి గంటలు తలుపు పైన వేలాడుతున్నాయి, రబ్బరు బ్యాండు కూడా తీయలేదు.

"రండమ్మా, రండి" అంటూ ఇస్త్రీ ఆవిడ కంగారుగా స్టూలు తుడిచింది. "బాబుగారు ఏమన్నా పంపారా?"

"లేదు. నేనే వచ్చాను. నువ్వు పని చేసుకో."

ఆవిడ పెట్టె అందుకుంది. మూత ఎత్తి, పట్టకారుతో బొగ్గులు వేసి, ఊది, బూడిద రాల్చి, దుప్పటి మీద నీళ్ళు చిలకరించి తోసింది. వదిన కాసేపు స్టూలు మీద కూర్చుంది. తర్వాత ఆవిడ పక్కన, ఆవిడ నిలబడే చోటే నిలబడింది. కుంపటి సెగ మోకాళ్ళకు తగిలింది. ఆ తర్వాత మంచం దగ్గర కింద కూర్చుని, ముసలావిడ తలగడ మీద ఆవిడ తల పక్కనే తల ఆన్చింది. నాన్న ఇలాగే చేసేవాడు. మనుషులు కూర్చున్న చోట కూర్చోవాలి, పడుకున్న చోట పడుకోవాలి. గడియారంకేసి చూడకూడదు, నోరు విప్పకూడదు.

ఇస్త్రీ ఆవిడ వింతగా చూసి, మళ్ళీ దుప్పటి మీద పెట్టె తోసింది.

వదిన లేచి, సంచిలో కుట్టుపని కోసం పెట్టుకున్న తెల్లదారం ఉండ తీసి, మూరెడు తెంపింది. దాన్ని అద్దం మేకుకు వేలాడదీసి చేయి వదిలేసింది. దారం కదల్లేదు. తలుపు పూర్తిగా తెరిచింది. అయినా కదల్లేదు. బరువు కట్టి దించినట్టు నిటారుగా ఉండిపోయింది. అప్పటికే ఆమె కణతల్లో సన్నగా నొప్పి మొదలైంది.

"ఈ కిటికీ ఎందుకు మూశారు?"

"బాబుగారే చెప్పారమ్మా. పళ్ళెం పట్టుకుని చూసి, ఇది పడమటి కిటికీ, ఇంట్లో ధనమంతా ఇటే కారిపోతోంది అన్నారు. పలక కూడా ఆయనే కొట్టించారు."

"పడమరా?"

ఇస్త్రీ ఆవిడ మొహమాటంగా నవ్వింది. "పొద్దున్న లేవగానే ఇందులోంచి ఎండ మా అత్తగారి కాళ్ళ మీద పడేది. మేం ఇన్నాళ్ళూ తూర్పనే అనుకున్నాం. మీ శాస్త్రంలో పడమర వేరే ఉంటుందేమో, మనకేం తెలుసు, అడిగితే బాగోదని ఊరుకున్నాం."

వదిన పలకకేసి చూసింది. ఈ ఆవిడ తన కళ్ళను తానే తప్పు పట్టుకుంది. ఎండ పడే చోటు పడమరంటే తలూపింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చిన మనిషి కదా, కళ్ళు కూడా గుమ్మం దగ్గరే విడిచిపెట్టింది! అలా విడిచిపెట్టించినవాడు ఎదురుగా ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. కుంపటి పక్కనున్న ఇనుప పట్టకారు అందుకుని, పలక అంచు కింద దూర్చింది.

"అమ్మా! వద్దమ్మా!" ఇస్త్రీ ఆవిడ పెట్టె వదిలేసి వచ్చి చెయ్యి పట్టుకుంది. "మా ఆయన ఊరుకోడు. అది పెట్టాకే ఆర్డర్ వచ్చింది. తీస్తే పోతుంది."

"తీయకపోతే మీ అత్తగారు పోతారు! బొగ్గు పొగ తల్లీ ఇది. కంటికి కనపడదు. నువ్వు వీధుల్లో తిరిగొస్తున్నావు కాబట్టి తలనొప్పితో సరిపోతోంది. ఆవిడ ఎక్కడికి వెళ్ళి గాలి పీలుస్తుంది?"

పట్టుకున్న చెయ్యి వదులైంది. మేకులు ఒక్కొక్కటే కిర్రుమంటూ లేచాయి. పలక ఒక మూల ఊడి, వేలాడి, దబ్బున మంచం కోడు మీద పడింది. వెలుతురు ముందొచ్చింది, దాని వెనకే చల్లటి గాలి వచ్చింది. మడత పెట్టిన దుప్పట్ల అంచులు లేచాయి. వదిన కుంపటిని రెండు గుడ్డలతో పట్టుకుని గడప అవతల నడవలో పెట్టింది. దారాన్ని కిటికీ ఊచకు కట్టింది. అది ఒకసారి తడబడి, లోపలికి వంగి ఊగడం మొదలుపెట్టింది.

"ఇది చూస్తూ ఉండు. ఇది ఊగుతుంటే గదిలో గాలి ఆడుతోందని అర్థం. ఆగిపోతే పని ఆపి బయటికి రా. కుంపటి మాత్రం ఇంక లోపల పెట్టకు. మీ అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బొగ్గుల గదిలో పడుకుంటోందని డాక్టరుకు తప్పకుండా చెప్పండి."

వదిన మంచం పక్కన కూర్చుని కొంగుతో విసిరింది. చాలాసేపటికి ముసలావిడ కళ్ళు విప్పింది. ఎవరో కొత్త మనిషి తనకు విసురుతూ ఉండటం చూసి, కనుబొమలు ముడిచి, పొడి గొంతుతో "దాహం" అంది. ఇస్త్రీ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నీళ్ళు తెచ్చింది. ఆ కంగారులో వదిన, ఏమీ వదిలి రాకూడదన్న నాన్న పద్ధతి మర్చిపోయి, దారం ఊచకే ఉండగా బయటపడింది.

*

మర్నాడు పొద్దున్నే షాపు తెరవగానే ఇస్త్రీ ఆవిడ మొగుడు వచ్చాడు. అద్దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. పెళ్ళాంలా అతను చెప్పులు విడవలేదు.

"మీ షాపు ఆవిడ మా ఇంటికొచ్చి అద్దం పీకేసింది బాబూ. పలక విరగ్గొట్టింది. ఇప్పుడు మా ఆర్డర్ పోతే ఎవరిస్తారు?"

కప్పల బీరువా దగ్గరున్న కొనేవాళ్ళు ఇటు తిరిగారు. మరిది మొహంలో నవ్వు చెదరలేదు, మెడ మాత్రం ఎర్రబడింది. "మా వదిన పెద్దావిడ, తెలియక చేసింది. వదినా, ఆయనకు సారీ చెప్పు."

వదిన అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచింది. పళ్ళెం బయటికి తీసింది. మరిది "అది ముట్టుకోవద్దు" అంటున్నా వినకుండా గుమ్మంలోకి నడిచి, మెట్టు మీద పడుతున్న పొద్దుటెండలో నిలబడింది. బొటనవేలు ఆ అరిగిన చోట పెట్టుకుంది. సూది కాసేపు అటూ ఇటూ ఊగి, నిలబడింది. సూర్యుడు సరిగ్గా ఆమె మొహం మీద ఉన్నాడు. పళ్ళెంలో ఆమెకు ఎదురుగా ఉన్న అక్షరం పడమర.

ఆమె కళ్ళు మూసి తెరిచి మళ్ళీ చూసింది. పళ్ళెం తిప్పి, సూది నిలిచేదాకా ఆగింది. మళ్ళీ అదే. ఉత్తరం చూపాల్సిన కొన దక్షిణం చూపిస్తోంది. లోపలికి వచ్చి ఒక అయస్కాంతపు కంకణం తీసి గాజు దగ్గర పెట్టింది. సూది భయపడ్డ పిల్లిలా ఎగిరి అటు తిరిగింది.

"వీటి మధ్య పడేశావు దీన్ని" అంది. "ఇన్నాళ్ళూ రాత్రీ పగలూ వీటి మధ్య. సూది తలకిందులైపోయింది. దీన్ని పట్టుకుని ఎన్ని ఇళ్ళు తిరిగావు? ఎన్ని కిటికీలు మూయించావు?"

మరిది దగ్గరికి వచ్చి, కొనేవాళ్ళకు వినపడకుండా చెప్పాడు. "మెల్లగా. సూది ఎటు చూపిస్తే ఏంటి వదినా? జనానికి కావాల్సింది నమ్మకం. నేను ఇచ్చేది అదే."

"పొద్దున్న ఎండ వచ్చే కిటికీ పడమర ఎలా అవుతుందో ఒక్కసారన్నా తలెత్తి చూశావా? ఫెంగ్‌షుయ్ అంటే గాలీ నీరూ, అంతే. గాలి ఎటు నుంచి వస్తోంది, నీరు ఎటు పోతోంది, మనిషి ఎక్కడ పడుకుంటున్నాడు. అవి చూడ్డానికి మా నాన్న ఒక్కో ఇంట్లో పూటంతా కూర్చునేవాడు. గాలి రావాల్సిన చోటే మేకులు కొట్టి, దాని మీద అద్దం తగిలించి, నువ్వు ఆ పేరే పెట్టుకున్నావు!"

"మీ నాన్న పూటంతా కూర్చుని ఏం సంపాదించాడు?" అన్నాడు మరిది.

వదిన చెయ్యి లేచింది. పళ్ళెం ఆ చేతిలోనే ఉంది కాబట్టి ఆగింది.

ఇస్త్రీ మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మాకివన్నీ తెలీవమ్మా. అద్దం పెట్టాం, పని వచ్చింది. అది లేకపోతే భయం వేస్తోంది. నాకు అద్దం మళ్ళీ పెట్టించండి, అంతే."

"రేపు పొద్దున్నే నేనే వస్తా" అన్నాడు మరిది గొంతు పెంచి, అందరికీ వినపడేలా. "ఇంకా పెద్ద పలక, ఇంకా పెద్ద అద్దం. అంతా నా ఖర్చే. మా షాపు మాట అంటే మాటే."

వదిన ఇస్త్రీ మనిషి దారికి అడ్డంగా వెళ్ళి నిలబడింది. "నిన్న మీ అమ్మ ఎలా ఉంది?"

అతను అద్దాన్ని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుంటూ గచ్చుకేసి చూశాడు. "నీళ్ళు తాగింది. నన్ను పేరు పెట్టి పిలిచింది."

"అంతకు ముందు ఎప్పుడు పిలిచింది?"

అతను తువ్వాలు కొసలు ముడి వేసుకున్నాడు.

"ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళు. అద్దం సంగతి రేపు చూద్దువుగానీ" అంది వదిన.

అతను వెళ్ళాక మరిది పళ్ళెం లాక్కుని మళ్ళీ మఖమలు మీద పెట్టాడు, మళ్ళీ కంకణాల మధ్యే. "పైన ఉంటున్న వాటా ఎవరిదో గుర్తు పెట్టుకో వదినా. రేపు నాతో వచ్చి వాళ్ళ ఎదురుగా తప్పు ఒప్పుకో. లేకపోతే అన్నయ్యతో నేను వేరేగా మాట్లాడాల్సి వస్తుంది."

"గుర్తుంది. గాలి బాగా ఆడే వాటా. ఏ గోడకు కిటికీ పెట్టాలో మీ నాన్నకు మా నాన్నే చెప్పాడు" అంది వదిన. అని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. ఆ రోజు పొట్లాలు కట్టడానికి కిందికి దిగలేదు.

*

మరిది పలక చంకలో పెట్టుకుని, కొత్త అద్దం ఒక చేత్తో, సుత్తి ఉన్న సంచి ఇంకో చేత్తో పట్టుకుని నడవలో ముందు నడిచాడు. మెళ్ళో తాడుతో పళ్ళెం వేలాడుతోంది. వెనక వదిన నడిచింది. భుజానికి తన సంచి తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు.

కుంపటి గడప అవతల, నడవలోనే ఉంది. ఇస్త్రీ ఆవిడ లోపలి నుంచి రెండడుగులు వేసి బొగ్గులు నింపుకుని వెళ్తోంది. బల్లను కిటికీ వైపు జరిపారు. ఎండ గదిలో సగం దాకా పరుచుకుని ఉంది. ముసలావిడ గోడకు తలగడ ఆన్చుకుని, ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మోకాళ్ళ మీద గిన్నె పెట్టుకుని తానే తింటోంది. వదినను చూసి ఎవరో గుర్తుపట్టలేదు, మర్యాదకు తలూపింది.

"జరగండి, జరగండి" అంటూ మరిది పలకను గోడకు ఆన్చాడు. పని మొదలుపెట్టే ముందు పళ్ళెం చూడటం అతని అలవాటు. చూస్తేనే జనానికి గురి. కిటికీకి ఎదురుగా నిలబడి, రెండు చేతులతో పళ్ళెం పట్టుకున్నాడు. ఎండ కళ్ళలో పడుతుంటే ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. సూది నిలిచేదాకా ఆగి, గంభీరంగా అన్నాడు.

"పడమర."

ఇస్త్రీ ఆవిడ పెట్టె తోయడం ఆపింది.

"ఏమంటున్నాడే ఆ అబ్బాయి?" అంది ముసలావిడ కోడలితో.

"పడమర అంటున్నారత్తయ్యా."

ముసలావిడ గిన్నెలోకి చూసుకుంది. ఎండకేసి చూసింది. "అప్పుడే సాయంత్రమైందా? మరి నాకు మధ్యాహ్నం తిండి పెట్టలేదే!"

ఇస్త్రీ ఆవిడకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది, భుజాలు మాత్రం కదిలిపోతున్నాయి. మరిది చేతినీ ఎండనూ పళ్ళాన్నీ చూసుకున్నాడు. మొదటిసారి అతని మొహంలో నవ్వు చెదిరింది. తేరుకుని, సంచిలోంచి సుత్తి తీశాడు.

"దిక్కులు తర్వాత చూద్దాం. అన్నా, నువ్వు ఆ అంచు పట్టుకో."

ఇస్త్రీ మనిషి పలక దగ్గరికి వచ్చాడు. అంచు పట్టుకున్నాడు. తల్లికేసి చూశాడు. ఆవిడ చివరి ముద్ద మింగి, వేళ్ళు గిన్నెలో కడుక్కుంటూ "నువ్వు తిన్నావా?" అని అడిగింది. అతను పలక ఎత్తి, తీసుకెళ్ళి తలుపు అవతల నిలబెట్టాడు.

"మేకులు వెయ్యకండి బాబూ."

"నిన్నంతా నువ్వే కదయ్యా అడిగింది! ఆర్డర్ పోతే తర్వాత నన్ను అనకు."

"పోతే పోనీండి. నిన్న డాక్టరు మందు రాయకముందే ఇంట్లో కిటికీ ఉందా అని అడిగాడు. ఉంది, మూసేశాం అన్నాను. ఎందుకు మూశారు అన్నాడు." అతను సుత్తికేసి చూశాడు. "చెప్పడానికి నోరు రాలేదు బాబూ. మా అమ్మను నా చేతులతో నేనే..." అని ఆపి, సుత్తి కోసం చెయ్యి చాపాడు. మరిది ఇచ్చేశాడు. అతను దాన్ని జాగ్రత్తగా మరిది సంచిలోనే పెట్టి, సంచి మూతి బిగించి ఇచ్చాడు.

"పాత అద్దం మాత్రం ఉంచుకుంటాం బాబూ" అంది ఇస్త్రీ ఆవిడ. "తల దువ్వుకోడానికి బాగుంది."

మరిది ఇంక వదిన మీదికి తిరిగాడు. మెళ్ళోంచి తాడు తీసి పళ్ళెం ఆమె చేతుల్లోకి తోశాడు. "నీకు కావాల్సింది ఇదే కదా! ఇన్నాళ్ళ ఏడుపూ దీని కోసమే కదా! పట్టుకో."

వదిన పట్టుకుంది. బొటనవేలు తనంతట తనే ఆ అరిగిన చోటికి వెళ్ళింది. ఎంత తేలిగ్గా ఉందో. గాజు కింద సూది వణుకుతూ, ఉత్తరానికి వీపు పెట్టి నిలబడింది. నాన్న దీన్ని బయటికి తీసే ముందు ఇంటి బయట నిలబడి, తలెత్తి, ఎండ ఎటుందో చూసుకునేవాడు. ముందు అది, తర్వాతే ఇది. ఆమె అంచును ఒకసారి అరచేత్తో తుడిచి, పళ్ళాన్ని తిరిగి మరిది చేతిలో పెట్టింది.

"ఇది ఇప్పుడు నీ షాపు సరుకే. రిబ్బను కట్టి అమ్ముకో. కట్టేది మాత్రం నేను కాదు. వాటా సంగతి మీ అన్నయ్యతో ఏం మాట్లాడుకుంటావో మాట్లాడుకో."

వెళ్ళబోతూ ఆమె కిటికీకేసి చూసింది. ఊచకు ఇంకా దారం ఉంది. ఎండలో తెల్లగా మెరుస్తూ లోపలికి వంగి ఊగుతోంది. ఇస్త్రీ ఆవిడ ఆ చూపు పట్టుకుని గబగబా దగ్గరికి వెళ్ళి, దారం కొసను కళ్ళకు అద్దుకుంది.

"పొద్దున్నే లేచి ముందు దీనికే దణ్ణం పెట్టుకుంటున్నానమ్మా. మీరు ఇది కట్టాకే కదా అత్తయ్య లేచింది. దీన్ని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు."

వదిన నిలబడిపోయింది. ఆ మాటకు కాదు, వెనక మరిది గొంతుకు.

"ఏ దారం వదినా అది? మామూలుదేనా?" అతను నాలుగడుగులు కిటికీ వైపు వేసి మెడ సాచి చూస్తున్నాడు. కోపమంతా ఎటు పోయిందో, కళ్ళు తళతళలాడుతున్నాయి. "ఊగితే మంచిది, ఆగితే చెడ్డది. బలే ఉందే! ఎరుపు రంగులో వేయిస్తే..."

వదిన కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచకున్న ముడి విప్పింది. బిగుసుకుపోయిన ముడి, గోటితో పీకాల్సి వచ్చింది. ఇస్త్రీ ఆవిడ "అయ్యో, ఉండనివ్వండమ్మా" అంటూ వెంట వచ్చింది. వదిన ఆగలేదు. గడప దగ్గరికి వెళ్ళి, వంగి, దారాన్ని కుంపట్లో బొగ్గుల మీద పడేసింది.

అది ముడుచుకుని నల్లబడి, సన్నటి పొగ లేచింది. పొగ గదిలోకి రాలేదు. కిటికీ నుంచి వస్తున్న గాలి దాన్ని తోసుకుంటూ నడవ బయటికి తీసుకెళ్ళింది. అందరూ అటే చూశారు. ఆమె వెనకే నడవలోకి వచ్చి నిలబడ్డ మరిది, పొగ మొహానికి తగిలి, దగ్గి, పక్కకు తప్పుకున్నాడు.

"అది దారం. అంతే" అంది వదిన.

ఇస్త్రీ ఆవిడ ఖాళీ ఊచకేసి, కుంపటికేసి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి మాకు ఏం ఇచ్చి వెళ్తున్నారమ్మా?"

వదిన సంచి తెరిచి చూసుకుంది. దారం ఉండ ఉంది, సూది డబ్బీ ఉంది, కళ్ళజోడు ఉంది. ఏదీ మర్చిపోలేదు. చెప్పులు తొడుక్కుంది.

"ఏమీ లేదు తల్లీ. కిటికీ ముందు నుంచీ మీదే కదా."

ముసలావిడ లోపల్నుంచి గిన్నె తీయమని కోడలిని కేకేసింది.